అన్ని దీపాలూ ఒక్కసారే వెలిగిన కారు

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల పనిమీద తరచుగా భీమవరం వెళ్లి వస్తుంటాను. 2018లో కొన్న డీజిల్ కారు, మామూలు గేర్లది, 80 వేల కిలోమీటర్లు దాటింది. ఈమధ్య ఒక సాయంత్రం జోరువానలో దిండి దాటి చించినాడ వంతెన ఎక్కానో లేదో, మీటరులో ఇంజిన్ లైటు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు, జారుతున్న కారు బొమ్మ, స్టీరింగ్ బొమ్మ అన్నీ కలిసి వెలిగాయి. ఎత్తులో ఆపినప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ పనిచేయదన్న సందేశం కూడా వచ్చింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి 40 దాటలేదు. వంతెన దిగి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, కొంతసేపు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే పికప్ మామూలుగానే వచ్చింది. ఏబీఎస్ లైటు మాత్రం మిగిలింది, అదీ కాస్త దూరం పోయాక ఆరిపోయింది. ఆ తరువాత కూడా ఒకటి రెండుసార్లు ఇలాగే అయింది. మా ఊరి మెకానిక్ బ్యాటరీ వైరు విప్పి మళ్లీ బిగించి, ఇక రాదన్నాడు కానీ వచ్చింది. ఒక పెద్ద గ్యారేజీలో చూపిస్తే ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు. ఆ డబ్బుతో చెరువులో ఒక పంటకు సరిపడా పిల్ల వేసుకోవచ్చు. బ్యాటరీ లోపమా అంటే వేసవిలోనే కొత్తది వేయించాను, అయినా పొద్దున పూట సెల్ఫ్ కొంచెం బరువుగానే తిరుగుతోంది. యూనిట్ మార్పించమంటారా? ఈలోగా బండి నడపవచ్చా?

జవాబు: మార్పించవద్దు. కనీసం ఇప్పుడే మార్పించవద్దు. మీరు ఉత్తరం చివర మాటవరసకు రాసిన సంగతి, అంటే కొత్త బ్యాటరీ ఉన్నా సెల్ఫ్ బరువుగా తిరగడం, మిగిలిన వివరాలన్నిటికంటే ఎక్కువ విషయం చెబుతోంది. ఏబీఎస్ యూనిట్ చెడిపోయినంత మాత్రాన సెల్ఫ్ బరువెక్కదు. ఈ రెండు లక్షణాలకూ ఒకే మూలం ఉండే అవకాశం ఉన్నప్పుడు, ముందు అది ఉందో లేదో తేల్చుకోకుండా ఖరీదైన భాగం మీదికి వెళ్లడం తొందరపాటు.

అయిదు హెచ్చరికలు వచ్చినంత మాత్రాన బండికి అయిదు జబ్బులు వచ్చినట్లు కాదు. వీధిలో ఇళ్లన్నిటిలోనూ ఒకేసారి కరెంటు పోతే ఇంటింటికీ తిరిగి బల్బులు మార్చం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్తాం. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కు, బ్రేకులకు, స్టీరింగుకు, ఎయిర్‌బ్యాగులకు వేర్వేరు కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. అవి ఒకదానికొకటి మెలివేసిన రెండు వైర్ల మీద నిరంతరం సమాచారం పంపుకుంటూ ఉంటాయి. క్యాన్ అనే ఈ పద్ధతిని జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. నాలుగు చక్రాల వేగాన్నీ కొలిచేది ఏబీఎస్ యూనిట్ కాబట్టి, బండి ఎంత వేగంతో పోతోందో మిగిలిన యూనిట్లకు చాలా కార్లలో దాని నుంచే తెలుస్తుంది. ఆ యూనిట్ ఒక్క క్షణం మూగబోయిందంటే జారకుండా కాపాడే వ్యవస్థ, హిల్ హోల్డ్, వేగాన్ని బట్టి బరువు మార్చే స్టీరింగ్ వరుసగా తమ తమ దీపాలు వెలిగిస్తాయి. ఇందుకు వ్యతిరేక దిశలో కూడా ఇది జరుగుతుంది. ఇంజిన్‌లో లోపం కనిపిస్తే ఇంజిన్ శక్తిని అదుపు చేయలేనన్న కారణంతో కొన్ని కార్లలో జారుడు నివారణ వ్యవస్థ తనంతట తానే పక్కకు తప్పుకుని దీపం వెలిగిస్తుంది. అందువల్ల మీటరులో కనిపించే దీపాల సంఖ్యను బట్టి రోగం ఎంత పెద్దదో చెప్పలేము. ఎవరు మొదట మూగబోయారు, ఎందువల్ల అన్నదే తేల్చవలసిన విషయం.

బండి 40 దాటకపోవడాన్ని లింప్ మోడ్ అంటారు. కొలతల్లో నమ్మలేని తేడా కనిపించినప్పుడు ఇంజిన్ కంట్రోల్ యూనిట్ టర్బో ఒత్తిడినీ డీజిల్ మోతాదునూ తగ్గించి, ఇంజిన్ పాడుకాకుండా, మీరు రోడ్డు మధ్యలో నిలిచిపోకుండా ఇంటిదాకా చేరేంత శక్తిని మాత్రమే మిగులుస్తుంది. యాక్సిలరేటర్ పెడల్ లోపల రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా కార్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానిలో సగం ఉండాలి. ఆ లెక్క తప్పినా, టర్బో ఒత్తిడి అడిగినంత రాకపోయినా, ఇంజిన్‌కు డీజిల్ అందించే గొట్టంలో (కామన్ రైల్) ఒత్తిడి పడిపోయినా ఇదే స్థితి వస్తుంది. ఈ సెన్సార్లు వోల్టులోని చిన్న చిన్న భాగాల్లో మాట్లాడతాయి కనుక కరెంటు సరఫరాలో ఒడుదొడుకులు వస్తే బాగున్న సెన్సారు కూడా తప్పు చెప్పినట్లే కనిపిస్తుంది. ఇంజిన్ కట్టి మళ్లీ వేసినప్పుడు యూనిట్లన్నీ తమను తాము కొత్తగా పరీక్షించుకుంటాయి. ఆ క్షణంలో లోపం లేకపోతే ఆంక్ష ఎత్తివేస్తాయి. మీ పికప్ తిరిగి రావడానికి అదే కారణం. లోపం తీరిందని దాని అర్థం కాదు.

ఆనాటి సాయంత్రాన్ని ఈ కోణం నుంచి చూడండి. వర్షం పడుతోంది కనుక హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ బ్లోయర్, వెనుక అద్దం హీటర్ దాదాపు అన్నీ నడుస్తూ ఉంటాయి. పైగా వంతెన అతుకుల మీద చక్రం కుదుపు. ఆల్టర్నేటర్, అంటే మన మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అనేది, ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. దాని నెగటివ్ కొస ఇంజిన్ లోహమే. లైట్లు, బ్లోయర్ వాడుకున్న కరెంటు బాడీ రేకు గుండా వచ్చి, బాడీకీ ఇంజిన్‌కూ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ దాటి ఆల్టర్నేటర్‌కు చేరాలి. ఆ పట్టీ కొసల కింద తుప్పు పట్టి ఉంటే, వాడకం పెరిగిన కొద్దీ అక్కడ వోల్టేజీ కోత పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్ల కరెంటు ఎర్త్ దారిలోనే నడుస్తుంది కాబట్టి అదే తుప్పు పొద్దున పూట సెల్ఫ్‌ను బరువెక్కిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి, చెరువుగట్ల మీద ఉప్పునీటి తుంపర, రొయ్యల వ్యాన్ల నుంచి కారి రోడ్డు మీద పారే ఐసు నీరు, లంక దారుల బురద కలిసే మన ప్రాంతంలో ఇంజిన్ కింద ఉండే ఈ పట్టీని ఎవరూ వంగి చూడరు. బ్యాటరీ మాత్రం కొత్తది కొంటారు!

కాబట్టి గ్యారేజీకి పోకముందే ఒక మల్టీమీటరు సంపాదించండి. చెరువు మీద ఏరియేటర్ మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ దగ్గర తప్పక ఉంటుంది. దానిని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బండి రాత్రంతా కదలకుండా ఉన్న తరువాత, తలుపులు తీసి లైట్లు వెలిగించకముందే బ్యాటరీ రెండు కొసల మధ్య కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు. 12.2 అంటే సగమే ఉన్నట్లు. తరువాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని, ఆ కొద్ది క్షణాల్లో మీటరు చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని, కొత్తదే అయినా, షాపులో లోడ్ పెట్టి పరీక్షించమనాలి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. కొన్ని కార్లలో ఛార్జింగును కంప్యూటరే అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది, పెంచుతుంది. కనుక కాసేపు తక్కువ కనిపించినంత మాత్రాన ఆల్టర్నేటర్‌ను తప్పుపట్టవద్దు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి.

అసలు పరీక్ష దీని తరువాతిది. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ దిమ్మ మీద, క్లాంపు మీద కాకుండా మధ్యలోని సీసపు దిమ్మ మీదనే, ఆనించండి. రెండో కొసను ఇంజిన్ మీద పెయింటు లేని శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్లు. తరువాత ఇంజిన్ తిరుగుతుండగా అన్ని లైట్లూ, బ్లోయరూ వేసి, ఇంజిన్ లోహానికీ బాడీ లోహానికీ మధ్య కొలవండి. ఇక్కడ 0.1, మహా అయితే 0.2 వోల్టుల కంటే ఎక్కువ రాకూడదు. ఎక్కువ వచ్చిందంటే మీ దొంగ దాదాపు దొరికినట్లే. తుప్పు తీయవలసి వస్తే, కింద చెప్పిన స్కానర్ జాబితా తీసుకున్నాక, ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. పట్టీ రెండు కొసలూ విప్పి, దాని కింద రేకును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించిన తరువాతనే పైన కాస్త గ్రీజు పూయాలి. పట్టీ లోపలి తీగలు ఆకుపచ్చగా పొడి రాలుతుంటే కొత్తది వేయడమే మంచిది. కొత్త బ్యాటరీ వేసిన కుర్రవాడు క్లాంపును పూర్తిగా కిందికి దించకుండా బిగించి ఉండడం కూడా తరచుగా కనబడే సంగతే. చేత్తో తిప్పితే కదిలే క్లాంపు చించినాడ అతుకుల మీద కదలకుండా ఉంటుందా?

ఇప్పుడు బండిలో నమోదైన లోపాల కోడ్లను చదివే స్కానర్ విషయం. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించే ఏర్పాటు) రెండో దశ తప్పనిసరి అయింది కనుక మీ బండిలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఫోనుకు కలిపే చవక బ్లూటూత్ పరికరం ఇంజిన్ కోడ్లను చదువుతుంది కానీ ఏబీఎస్, స్టీరింగ్ యూనిట్లను చాలా సందర్భాల్లో చదవలేదు. అందువల్ల అన్ని యూనిట్లనూ చదివే స్కానర్ ఉన్నచోటికి వెళ్లి, కోడ్లు చెరిపే ముందు మొత్తం జాబితాను కాగితం మీదనో ఫోటోగానో తీసుకోండి. మీ ఊరి మెకానిక్ బ్యాటరీ వైరు విప్పడం వల్ల జరిగిన నష్టం ఇదే. లోపం వచ్చిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి ఎంతెంత ఉన్నాయో కోడుతోపాటు భద్రమయ్యే వివరం చాలా కార్లలో దానితో చెరిగిపోతుంది.

జాబితా చేతికి వచ్చాక దానిలో ఎవరు ఎవరి గురించి చెబుతున్నారో గమనించండి. ఉదాహరణకు ఇంజిన్ యూనిట్‌లో యూ0121 ఉందంటే, ఏబీఎస్ నుంచి తనకు కబురు అందలేదని ఇంజిన్ చెబుతున్నట్లు. ఏబీఎస్ చెడిపోయిందని ఆ కోడు చెప్పదు. అది ఫిర్యాదే తప్ప తీర్పు కాదు. దానితోపాటు పీ0562, అంటే వోల్టేజీ తక్కువన్న కోడు, లేదా ఏబీఎస్‌లోనే సరఫరా వోల్టేజీ కోడు ఉంటే మళ్లీ బ్యాటరీ, ఎర్త్, ఏబీఎస్ ఫ్యూజుల దగ్గరికే రావాలి. అలా కాకుండా ఏబీఎస్ యూనిట్ చక్కగా జవాబిస్తూ సీ0035 వంటి కోడు చూపిస్తే ఎడమ ముందు చక్రం వేగం సెన్సారు వైపు చూడాలి.

ఆ చక్రం సెన్సారును నేను రెండో అనుమానితుడిగా పెట్టడానికి మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది. మళ్లీ స్టార్ట్ చేశాక ఏబీఎస్ లైటు ఒక్కటే ఉండి, కొంతదూరం పోయాక ఆరిందని రాశారు. చక్రాల సెన్సార్లు సరిగా ఉన్నాయో లేదో బండి కదిలితే తప్ప యూనిట్‌కు తెలియదు. అందుకే కాస్త వేగం అందుకున్న తరువాత తృప్తిపడి దీపం ఆర్పింది. చాలా కార్లలో హబ్ బేరింగులోనే ఒక అయస్కాంతపు వలయం ఉండి, సెన్సారు దానిని చదువుతుంది. ఆ సందులో ఇనుప రజను, బురద చేరినా, బేరింగు ఊగినా, సస్పెన్షన్‌తోపాటు వంగుతూ లేచే సెన్సారు వైరు లోపల తెగినా, దాని కనెక్టరులోకి ఉప్పునీరు దిగినా కొలత వచ్చి పోతూ ఉంటుంది. బండిని ఖాళీ రోడ్డు మీద 20 వేగంతో తిన్నగా నడుపుతూ పక్కనున్నవారు స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలనూ చూడాలి. మూడు 20 చూపుతుండగా ఒకటి మధ్యమధ్య సున్నాకు పడిపోతే ఇక వెతకనక్కరలేదు. వైరులో కొరికిన గుర్తులు కూడా చూడమనండి. కోతల కాలంలో పొలం ఎలుకలకూ, ఏడాది పొడవునా కొబ్బరి చెట్టు ఎలుకలకూ వెచ్చని బానెట్ కంటే మంచి చోటు లేదు.

బ్రేక్ లైట్ స్విచ్చిని కూడా వదలవద్దు. చవక వస్తువే అయినా అది తప్పు చెబితే జారుడు నివారణ, హిల్ హోల్డ్ రెండూ ఆగిపోతాయి, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కారనుకుని కొన్ని బండ్లు శక్తిని కూడా తగ్గిస్తాయి. ఒకరిని వెనుక నిలబెట్టి, పెడల్ మెల్లగా తాకినప్పుడు, వదిలినప్పుడు దీపం వెంటనే వెలిగి ఆరుతోందో లేదో చూస్తే సరిపోతుంది.

ఏబీఎస్ యూనిట్ నిజంగా చెడిపోదా అంటే చెడిపోతుంది. అయితే దాని కనెక్టరు దగ్గర కరెంటు, ఎర్త్ రెండూ లోడ్ మీద కూడా సక్రమంగా ఉన్నాయనీ, బ్యాటరీ విప్పి సాకెట్‌లో 6, 14 నంబర్ల పిన్నుల (క్యాన్ వైర్ల) మధ్య కొలిస్తే దాదాపు 60 ఓములు వస్తున్నాయనీ, కనెక్టరులో నీరు, పచ్చదనం లేవనీ చూపించిన తరువాత కూడా ఆ యూనిట్ స్కానర్‌కు జవాబివ్వకపోతేనో, తన లోపలి లోపాన్ని తానే కోడుగా చెబితేనో అప్పుడు మార్చమనవచ్చు. ఈ కొలతలు చూపించమని గ్యారేజీవారిని మర్యాదగా అడగండి. కొలిచినవారు చూపిస్తారు.

ఇక నడపడం గురించి. దీపాలు ఆరి ఉన్నప్పుడు దగ్గరి ప్రయాణాలకు వాడుకోవచ్చు కానీ, రాత్రి వానలో ఆ వంతెన దాటే ప్రయాణం పరీక్షలు పూర్తయ్యేదాకా మానుకోండి. పసుపు ఏబీఎస్ లైటు వెలిగినా మామూలు బ్రేకు పనిచేస్తుంది, కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. ఒకపక్క కాలువ ఉన్న తడి గట్టు రోడ్డు మీద పికప్ పోవడం కంటే ఇదే పెద్ద ప్రమాదం. ఏబీఎస్ లైటుతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే వెనుక చక్రాలకు బ్రేకు పంచే ఏర్పాటు కూడా పోయినట్లు. అప్పుడు బండిని లాగించుకుని పోవడమే దారి. ఎర్రని నూనె డబ్బా బొమ్మ కానీ, ఎర్రని వేడి బొమ్మ కానీ కనిపిస్తే ఊరు ఎంత దగ్గరైనా అక్కడికక్కడే ఇంజిన్ కట్టేయాలి. ఎర్ర బ్యాటరీ బొమ్మ అంటే ఛార్జింగు ఆగిందని. ఏసీ, బ్లోయర్ కట్టేసి దగ్గరలోని గ్యారేజీ దాకా మాత్రమే వెళ్లగలరు. స్టీరింగ్ కరెంటుతో నడిచేదైతే దారిలో బరువెక్కవచ్చు.

ప్రశ్న: అమలాపురంలో ఉంటాను. బీఎస్6 డీజిల్ కారు. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతుంది. పొగగొట్టం ఫిల్టర్ లైటు వెలిగితే పట్టించుకోలేదు. ఇప్పుడు ఇంజిన్ లైటు కూడా వచ్చి బండి లాగడం మానేసింది. ఫిల్టర్ తీయించేస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు: మీది పై పాఠకుని సమస్య కాదు, దాదాపుగా మీ వాడకమే దీనికి కారణం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉంటుంది. అది నిండుతున్నప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ పంపి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి మసిని కాల్చుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే మీరు ఆఫీసు చేరి కట్టేస్తుంటే ఆ పని ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. ఫిల్టర్ లైటు ఒక్కటే వెలిగిన దశలో 216 నంబరు జాతీయ రహదారి ఎక్కి ఇరవై నిమిషాలు 60కి తగ్గకుండా ఒకే తీరున నడిపి ఉంటే ఆరిపోయేది. ఇంజిన్ లైటు వచ్చి శక్తి తగ్గాక ఆ ఉపాయం పనిచేయదు. సర్వీసు సెంటరులో స్కానర్ ద్వారా బలవంతంగా కాల్పించాలి. అంతకంటే ముందు ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూడండి. సగంలో ఆగిన ప్రయత్నాల వల్ల డీజిల్ ఆయిల్‌లో కలిసి మట్టం గరిష్ఠ గీత దాటి ఉంటే, ఆయిల్ మార్చకుండా బండి నడపకూడదు. కొత్త ఆయిల్ డీపీఎఫ్ బండ్లకు తగిన తక్కువ బూడిద రకమే కావాలి. ఫిల్టర్ తీయించడం కాలుష్య నిబంధనలకు విరుద్ధం, పైగా ఒత్తిడి సెన్సార్ల లెక్క తప్పి కొత్త కోడ్లు పుట్టుకొస్తాయి. ఇకమీదట వారానికొకసారైనా రహదారి మీద దూరం తిప్పండి, ట్యాంకును రిజర్వు దాకా దించవద్దు. ఇంధనం బాగా తక్కువగా ఉంటే చాలా కార్లు మసి కాల్చే పని మొదలుపెట్టవు.

ప్రశ్న: సఖినేటిపల్లి నుంచి రాస్తున్నాను. పాత కారు ఒకటి బేరం చేస్తున్నాను. మీటరులో ఒక్క హెచ్చరిక దీపం కూడా లేదు. కొనవచ్చా?

జవాబు: ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఒక మెట్టు తిప్పి చూడండి. ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలన్నీ వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలు కొన్ని సెకన్లకు ఆరిపోవాలి, ఇంజిన్ దీపం చాలా కార్లలో స్టార్ట్ చేశాక ఆరుతుంది. ఆ సమయంలో కూడా వెలగని దీపం ఉంటే దానిని ఎవరో తీసేశారనో, కప్పేశారనో అనుమానించాలి. స్కానర్ పెట్టినప్పుడు స్వయంపరీక్షలు పూర్తికాలేదని చూపిస్తే, బేరానికి ముందు కోడ్లు చెరిపి ఉండవచ్చు. ఇంకొక సంగతి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు ఎన్నో నీటిలో ఉన్నాయి. ఈ ప్రాంతపు బండి ఏదైనా ముందు సీట్ల కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, వైరు కనెక్టర్లలో ఎండిన ఒండ్రు ఉన్నాయేమో వేలితో తడిమి చూసి, ఆ తరువాతే బయానా ఇవ్వండి.